తపాలా బిళ్ళలు, పాత చందమామలు: ఏది పిల్లతనం?

తపాలా బిళ్ళలు సేకరించే పెద్దమనిషిని అభిరుచి గలవాడని గౌరవించే మన సమాజం, 1947 జూలైలో మొదలైన చందమామ పాత సంచికలను వెదికి దాచుకునేవారిని మాత్రం ఇంకా ఎదగలేదని అంటుంది. ఈ తేడా నాకు అన్యాయంగా తోస్తుంది. బిళ్ళ విలువను అరుదుదనం, ముద్రణ, అంచుల చిల్లులు నిర్ణయిస్తాయి. ఆ లెక్క స్పష్టమైనది. చందమామలో అంతకు మించినది ఉంది: వడ్డాది పాపయ్య ముఖచిత్రాల రంగుల పొందికను, శవాన్ని భుజాన వేసుకుని కత్తి చేతబట్టి నడిచే విక్రమార్కుడి బొమ్మలో శంకర్ గీత బిగువును, కథ కోసం గబగబా పేజీ తిప్పే పసికన్ను గమనించదు. కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వంలో తీరిన సరళ వచనమూ (నేను మళ్ళీ మళ్ళీ తెరిచేది ప్రధానంగా దానికోసమే) పెద్దయ్యాకే రుచి తెలుస్తుంది. భద్రపరచడంలో మాత్రం బిళ్ళలదే సులువు. పాత సంచికల కాగితం పెళుసుబారి, తాకితేనే రాలుతుంది.