ఒత్తిగిలి పడుకునే చోటు

విమానంలో బిజినెస్ క్లాస్ ఎలా ఉంటుందని ఎవరిని అడిగినా లాంజ్‌లో భోజనం గురించో, పింగాణీ పళ్లేల గురించో, చిన్న సంచిలో పెట్టి ఇచ్చే క్రీముల గురించో చెబుతారు. వాటి మీద నేను చెప్పేదేమీ లేదు. ఆ టికెట్టులో నాకు కావలసింది ఒక్కటే. ఎడమ పక్కకు ఒత్తిగిలి, మోకాళ్లు కాస్త మడిచి, రెంటి మధ్య చిన్న దిండు పెట్టుకుని పడుకోవాలి. అంతే.

ముప్పై రెండేళ్లు బడిలో నిలబడి పాఠాలు చెప్పాను. రిటైరయ్యే నాటికి నడుములో ఎల్‌ఫోర్, ఎల్‌ఫైవ్ ఎముకల మధ్య డిస్కు ఉబ్బి నరాన్ని నొక్కుతోందని డాక్టరు చెప్పారు. వెల్లకిలా ఎక్కువసేపు పడుకోలేను. కూర్చుంటే రెండు గంటలకు కుడికాలు తిమ్మిరెక్కుతుంది. ఇలాంటి మనిషికి కూతురు న్యూజెర్సీలో ఉంది. ఇద్దరు పిల్లల తల్లి. ఇద్దరి పురుళ్లకూ వెళ్లాను, తర్వాత వాళ్లను చూసుకోవడానికీ వెళ్లాను. 2018 నుంచి ఇప్పటికి ఆరుసార్లు ఢిల్లీలో రాత్రి విమానం ఎక్కి న్యూయార్క్‌లో దిగాను. మొదటి రెండుసార్లు ఎకానమీ. తర్వాత నాలుగుసార్లూ మా అల్లుడు ఆఫీసు పని మీద తిరిగి పోగేసిన మైల్స్‌తో, అంటే ఎక్కువ తిరిగినవాళ్లకు విమాన కంపెనీ వేసే పాయింట్లతో, బిజినెస్. అదీ వెళ్లేటప్పుడే. వచ్చేటప్పుడు ఎకానమీలోనే వస్తాను. ఖమ్మం చేరాక పది రోజులు పడుకున్నా అడిగేవాళ్లు లేరు. అక్కడ దిగిన పూట మాత్రం పిల్లను ఎత్తుకోవాలి.

ఆ రాత్రి ఎంత పొడవుంటుందో ముందు చెప్పాలి. జనవరిలో ఢిల్లీ నుంచి రెండింటికి బయలుదేరితే పదిహేను గంటలు ఎగిరాక న్యూయార్క్‌లో ఉదయం ఆరున్నర అవుతుంది. విమానం పడమరకు పోతుంది, రాత్రి కూడా దానితోపాటే పడమరకు జరుగుతుంది. దిగేటప్పుడు కూడా కిటికీ అవతల చీకటే. పదిహేను గంటలపాటు తెల్లవారని రాత్రి అది. ఎకానమీలో ఆ రాత్రి రెండుసార్లు గడిపాను. మొదటిసారి నా కాళ్ల వాపు తగ్గడానికి నాలుగు రోజులు పట్టింది. రెండోసారి విమానం తోకభాగంలో టాయిలెట్ల పక్కన నిలబడి గంటలు లెక్కపెట్టుకున్నాను.

అందుకే 2019 నవంబరులో మొదటిసారి ఆ సీటు మంచంలా మారినప్పుడు నాకు ఏడుపొచ్చింది. బటన్ నొక్కితే వెనుకభాగం నెమ్మదిగా వాలుతూ పోయి, కాళ్ల దగ్గరి బల్లతో కలిసి ఒకే సమానంగా అయింది. ఎడమకు తిరిగాను. నడుము కింద ఏదో ముడి విప్పినట్టయింది. ఆరు గంటలు ఒక్క తీరున పడుకున్నాను. మధ్యలో మెలకువ వచ్చి కుడికి ఒత్తిగిలి మళ్లీ నిద్రపోయాను. ఇంట్లో రోజూ చేసే పని. ముప్పై ఆరు వేల అడుగుల ఎత్తున చేయగలగడం నాకు పెద్ద వరంలా అనిపించింది. ఊళ్లోకి వచ్చాక కనబడిన ప్రతివాళ్లకూ చెప్పాను: అచ్చం మన ఇంట్లో మంచమే, ఏ తేడా లేదని.

ఆ మాట ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి.

2022లో అదే దారి, అదే కంపెనీ, విమానం మాత్రం వేరు. సీటు పడకగా మారింది గానీ కాళ్లు పెట్టే చోటు ముందుసీటు వాళ్ల పక్క బల్ల కింద గూడులా ఉంది. పాదాలు రెండూ పక్కపక్కన పెడితే ఇరుక్కుంటాయి. వెల్లకిలా పడుకునేవాళ్లకు ఆ గూడు చాలు. ఒత్తిగిలి మోకాళ్లు మడిస్తే మోకాలి చిప్ప పక్కగోడకు తగులుతుంది, మడవకపోతే నడుము ఒప్పుకోదు. పొడవు ఆరున్నర అడుగులని కంపెనీలు గొప్పగా రాస్తాయి. నాలాంటి ఐదడుగుల మనిషికి ఆ పొడవుతో పనేముంది? భుజాల దగ్గర వెడల్పు నా మూర కన్నా కాస్త ఎక్కువ, పాదాల దగ్గర అందులో సగమే. తర్వాత తెలిసింది, మొదటి వరుసలో సీట్లకు ఆ గూడు కొంచెం విశాలంగా ఉంటుందని. 2023లో ముందే అడిగి ఆ వరుస తీసుకున్నాం. వంటగది వెలుతురు కళ్లలో పడ్డా ఒత్తిగిలి పడుకోగలిగాను. కాబట్టి బిజినెస్ క్లాస్ అని టికెట్టు మీద ఉంటే చాలదు. ఏ విమానం, ఏ వరుస అన్నది చూసుకోవాలి. ఆ మధ్య మా వియ్యపురాలు వేరే కంపెనీలో ఎక్కితే పాతరకం సీటు వచ్చిందట. పూర్తిగా చదును కాకుండా ఏటవాలుగా ఉండి రాత్రంతా కిందికి జారుతూనే ఉందట పాపం. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2000లోనే బిజినెస్ క్లాసులో పూర్తిగా చదునయ్యే సీట్లు తెచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ జారుడు సీట్లు ఎక్కడో ఒకచోట ఎగురుతూ ఉండటం నాకు బాధగా ఉంటుంది.

ఇక పోయిన జనవరి సంగతి.

ఎప్పటిలాగే మైల్స్ ఒక్క సీటుకే సరిపోయాయి. మావారు ఎకానమీలో, నేను ముందు. ప్రతిసారీ నేను వద్దంటాను, ఆయన ప్రతిసారీ ఒకే మాట అంటారు: “నాకు కూర్చున్నా నిద్ర పడుతుందిలే, నువ్వెళ్లు.” 2022లో మధ్యలో మార్చుకుంటామని అడిగాను. ఎకానమీ ప్రయాణికులను ఈ వైపు కూర్చోనివ్వడం కుదరదని విమానంలో వాళ్లు మర్యాదగానే చెప్పారు. అప్పటి నుంచి అడగలేదు.

విమానం లేచాక భోజనం వద్దని చెప్పి పరుపు పరచమన్నాను. దుప్పటి కాకుండా సీటు మీద వేసే పల్చటి పరుపు కూడా ఇస్తారు, అడిగితేనే గుర్తొస్తుంది వాళ్లకు. బటన్ నొక్కాను. సీటు సగం దాకా వాలి ఆగిపోయింది. కింద నుంచి గరగరమని చప్పుడు. మళ్లీ నొక్కితే చప్పుడు కూడా లేదు. వీపు వెనక్కి, మోకాళ్లు పైకి, పళ్ల డాక్టరు కుర్చీలో పడుకున్నట్టు ఉండిపోయాను. నా నడుముకు అంతకన్నా చెడ్డ భంగిమ లేదు.

ఎయిర్‌హోస్టెస్ వచ్చి చూసింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు ఆ అమ్మాయికి. మోటారు స్తంభించింది, సీటుకు కరెంటు ఆపి మళ్లీ ఇస్తామంది. దీపం, టీవీ అన్నీ ఆరిపోయి పది నిమిషాలకు మళ్లీ వెలిగాయి. సీటు మాత్రం కదల్లేదు. రెండోసారి కూడా అంతే. బిజినెస్‌లో ఖాళీ సీటు ఒక్కటి కూడా లేదు. నాకు టెన్షన్ మొదలైంది. ఇంకా పదమూడు గంటలుంది. ఇలాగే కూర్చుంటే దిగేటప్పటికి వీల్‌చైర్ తప్పదని నాకు తెలుసు.

నా వీపు మీద ఎక్స్‌రే కవరు తగిలించి లేదు కదా, ఆ అమ్మాయికి ఎలా తెలుస్తుంది? నేనే చెప్పాను, డిస్కు ఉబ్బింది, ఇలా కూర్చోలేను, నిలబడే ఉంటాను అని. ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి లోపలికి వెళ్లి తోటి అబ్బాయిని తీసుకొచ్చింది. ఇద్దరూ నేల మీద మోకాళ్లూనారు. టార్చి వేసి, సీటు మెత్త పైకి లేపి, కింద చెయ్యి పెట్టి వెతికారు. మోటారు పాడైనప్పుడు చేత్తో లాగడానికి అక్కడ ఒక పట్టీ ఉంటుందట. ఆ అబ్బాయి పట్టీ లాగి పట్టుకుంటే ఆ అమ్మాయి తన బరువంతా వేసి వీపుభాగాన్ని కిందికి అదిమింది. రెండు ప్రయత్నాలు. మూడోసారికి టక్కున చదునైంది. ఆమె చీలమండ దగ్గర మేజోడు చిరిగింది, చూసుకోను కూడా లేదు. “ఇక ఇది పైకి లేవదమ్మా, దిగేటప్పుడు మిమ్మల్ని వేరే సీటుకు మార్చాల్సి వస్తుంది” అని హిందీలో చెప్పింది. దిగే సంగతి అప్పుడు చూసుకుందామన్నాను.

ఆ విరిగిన సీటులో పడుకున్నంత సుఖంగా నేను ఏ విమానంలోనూ పడుకోలేదు. అది ఎక్కడికీ కదలని పలక. అది మొదటి వరుస కావడం వల్ల కాళ్ల చోటు కూడా సరిపోయింది. ఐదారు గంటలు నిద్రపోయి లేచాక ఇంకో సంగతి తెలిసింది. సీటు నిటారు కాదు కాబట్టి కుర్చీలా కూర్చునే వీలు లేదు. వీపు పక్కగోడకు ఆనించి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ఇంట్లో పీట మీద కూర్చున్నట్టే. పళ్లెం ఒళ్లో పెట్టుకుని ఇడ్లీ తిన్నాను. మామూలుగా ఆ సీట్ల మీద కాళ్లు మడిచి కూర్చోవాలంటే సీటు చేతులు అడ్డొస్తాయి. చదును చేసి ఉంచుకుంటే మనవాళ్లు హాయిగా కూర్చోవచ్చని అంతకుముందు మూడుసార్లు ఎక్కినా నాకు తట్టలేదు. మోటారు చెడిపోతేనే తెలిసింది.

దిగడానికి ముప్పావుగంట ముందు ఆ అమ్మాయి వచ్చింది. దిగేటప్పుడు ప్రతి సీటూ నిటారుగా ఉండి తీరాలి, నిటారు కాని సీటులో మనిషిని కూర్చోనివ్వరు. ఎకానమీలో వెనకాల ఒక ఖాళీ ఉందంది. మావారు అక్కడే ఉన్నారు, ఆయన పక్కన కుదురుతుందా అని అడిగాను. ఆయన పక్క సీటులో జనవరి సెమిస్టర్‌కి మొదటిసారి అమెరికా వెళ్తున్న కుర్రాడు, మన తెలుగువాడే. వెంటనే బ్యాగు తీసుకుని లేచాడు. లేస్తూ నాతో మెల్లగా అన్నాడు: “అంకుల్ రాత్రంతా పడుకోలేదాంటీ. నా మీద వాలతారేమోనని నిటారుగానే కూర్చున్నారు. నేను పడుకోండి అంటే వినలేదు.”

మావారికి అరవై ఎనిమిదేళ్లు. బీపీ మందులు వాడతారు. నేను పక్కన కూర్చునేసరికి నవ్వి, “బాగా పడుకున్నావా?” అన్నారు. కిందికి చూశాను. బూట్లు విప్పి ఉన్నాయి. పాదాలు వాచి మేజోళ్ల అంచు చర్మంలోకి దిగిపోయింది. దిగేటప్పుడు బూట్లు ఎక్కక మడమ తొక్కి నడిచారు. ఆరేళ్లుగా ఆయనకు కూర్చున్నా నిద్ర పడుతుందనే నమ్మాను నేను.

సీటు విషయం కంపెనీకి రాశాను. మూడు వారాలకు క్షమాపణ చెప్పి కొన్ని పాయింట్లు వేశారు. అవి ఇంకో బిజినెస్ సీటుకు కావలసిన వాటిలో సగానికి కూడా రావు. ఆ అమ్మాయి గురించి కూడా రాశాను, ఆ పేరాకు జవాబు రాలేదు. ఆమె దాకా చేరి ఉంటే బాగుండు.

ఎక్కేవాళ్లు ఒక పని తప్పకుండా చేయండి. తలుపులు మూయక ముందే సీటును పూర్తిగా చదును చేసి, మళ్లీ నిటారు చేసి చూసుకోండి. నేల మీద ఉండగా చెబితే మెకానిక్ వచ్చి చూస్తాడు. ఎగిరాక అది ఆ ఇద్దరు పిల్లల మోకాళ్ల మీద పడుతుంది.

ఇంతకీ కొనవచ్చా అంటే, నడుము నొప్పి లేనివాళ్లు, నలభై లోపు వాళ్లు సొంత డబ్బు పెట్టి ఎక్కాలని నేను చెప్పలేను. ఎకానమీకి మూడు నాలుగు రెట్లు పెట్టాలి. మేం సొంత డబ్బుతో ఎప్పుడూ కొనలేదు, కొనలేం కూడా. మైల్స్ ఉంటే, నాలాంటి నడుమైతే, రాత్రి విమానానికి మాత్రం వాడుకోండి. పగటి విమానానికి వద్దు. ఒక్కరే వెళ్తుంటే ఇంకా సంకోచం అక్కర్లేదు.

ఇద్దరైతే ఏం చెయ్యాలో నాకింకా తేలలేదు. డిసెంబరులో మళ్లీ వెళ్లాలి, ఈసారీ మైల్స్ ఒక్క సీటుకే ఉన్నాయట. దారిలో ఒక ఊళ్లో దిగి, రాత్రి హోటల్లో పడుకుని, మర్నాడు ఇంకో విమానం ఎక్కితే ఇద్దరం ఎకానమీలో వెళ్లగలమేమోనని మా అమ్మాయి టికెట్లు చూస్తోంది. నా నడుము ఎనిమిది గంటల ముక్కలు రెండు తట్టుకుంటుందో లేదో చూడాలి. అది కుదరకపోతే ముందు సీటు ఆయనకే అని చెప్పాను. మావారు మాత్రం తనకు కూర్చున్నా నిద్ర పడుతుందనే అంటున్నారు.