ఇంటి ముందు ఎక్కొచ్చన్న బస్సు

పర్లాకిమిడి నుంచి హైదరాబాద్‌కి చవగ్గా వెళ్ళడం ఎలా అని ఎవరైనా అడిగితే ఇప్పుడు నా దగ్గర జవాబుంది. మూడు వేల పైచిలుకు దండగ, ఒక కొంగ మెడ పోయాక దొరికిన జవాబు.

మియాపూర్‌లో మా ఆడపడుచు గృహప్రవేశం. హైదరాబాద్ బండి ఎక్కాలంటే ఒడిశాలో ఉండే మేం ఆంధ్రాలోకి దిగి పలాసో ఆమదాలవలసో చేరాలి. వెళ్ళేటప్పటి టికెట్లు మా ఆయన, వచ్చేటప్పటివి నేను అని పంచుకున్నాం. నేను నెల ముందే తీసేశాను. ఆయన మాత్రం "చూద్దాంలే" అంటూ వచ్చి, ప్రయాణానికి ముందు రోజు పదకొండింటికి స్లీపర్ తత్కాల్‌కి కూర్చున్నారు. ఆధార్ ఓటీపీ వచ్చేసరికి వెయిటింగ్ లిస్టు.

"బస్సే నయం. ఇంటి ముందు ఎక్కి ఇంటి ముందు దిగుతాం" అన్నారు. ఏసీ స్లీపర్, మనిషికి 1,450, ముగ్గురికి 4,350. ఎక్కేది పర్లాకిమిడి, దిగేది మియాపూర్ అని యాప్‌లో ఉంది. అత్తయ్యగారికి 71 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ఆవిడకి కింది బెర్తు చూసి మరీ తీసుకున్నాం.

సాయంత్రం నాలుగింటికి ఫోను. బస్సు ఊళ్ళోకి రాదట, టెక్కలి హైవే మీదకి రమ్మన్నాడు. యాప్‌లో పర్లాకిమిడి అని ఉందే అంటే, "అది పికప్ పాయింటమ్మా, బస్సు పాయింటు కాదు" అన్నాడు. ఆ రెండింటికీ తేడా ఏమిటో నాకు ఇప్పటికీ తెలీదు. పోనీ పికప్ వ్యాన్ పంపమంటే ఈ రోజు లేదన్నాడు. ఆటోకి 700 ఇచ్చి వెళ్ళాం. ఏడున్నరకి రావాల్సిన బస్సు పది దాటాక వచ్చింది. అప్పటిదాకా మూసేసిన టీకొట్టు బల్ల మీద అత్తయ్యగారు, పక్కన దోమలు తోలుతూ నేను. ఆ రెండున్నర గంటలూ మా ఆయన ఫోన్లోంచి తలెత్తలేదు.

ఎక్కి చూస్తే కింది బెర్తులో పసిబిడ్డతో ఎవరో అమ్మాయి నిద్రపోతోంది. లేపలేం కదా. క్లీనర్ పై బెర్తు చూపించి అడ్జస్ట్ అవ్వమన్నాడు. అత్తయ్యగారు ఆ నిచ్చెన వంక చూసి, "ఈ అటక మీదికి నేనెక్కగలనేటే?" అన్నారు. విశాఖపట్నంలో ఒకాయన దిగేదాకా ఆవిడ డ్రైవర్ క్యాబిన్‌లోనే కూర్చున్నారు. అన్నవరం దాటాక ఏసీ ఆగిపోయింది, అద్దాలు తెరుచుకోవు. బాత్రూమ్‌కి ఆపింది ఒక్కచోటే. అక్కడ బాత్రూమ్‌కి 10, మూడు ఇడ్లీలకి 90. ఆ ఇడ్లీ విసిరితే కుక్క కూడా పారిపోయేది.

చివరికి మియాపూర్ కాదు, ఎల్బీనగర్‌లో దింపేశారు. ఆటోవాడు 900 అడిగాడు. మా ఆయన జేబులో చెయ్యి పెట్టేలోపు నేను అత్తయ్యగార్ని మెట్రో లిఫ్టు ఎక్కించేశాను. ఆ లైను ఎల్బీనగర్ నుంచి నేరుగా మియాపూర్‌కే. మనిషికి వంద కూడా కాలేదు, ఏసీ కూడా పనిచేస్తోంది! ఊరు దాటాక అత్తయ్యగారు నవ్వింది అక్కడే.

ఇంటికెళ్ళి సంచి విప్పాను. కానుకగా తీసుకెళ్ళిన కొంగ బొమ్మ, కొమ్ముతో చేసింది, మా ఊరి పనితనం, 1,100 పెట్టి కొన్నది, మెడ విరిగి ఉంది. డిక్కీలోకి క్లీనర్ విసిరిన విసురుకి ఇంకేం మిగులుతుంది? ఆఫీసుకి ఫోన్ చేస్తే సామాను బాధ్యత ప్యాసింజర్‌దే అన్నారు. చాలా తిట్టాక 200 కూపన్ పంపారు. మళ్ళీ వాళ్ళ బస్సే ఎక్కాలి, అదీ ముప్ఫై రోజుల్లోపు.

గృహప్రవేశం బాగా జరిగింది.

తిరుగు ప్రయాణం విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో, స్లీపర్, ముగ్గురికీ కలిపి 1,400 లోపే. పెద్దవాళ్ళ రాయితీ 2020 మార్చిలోనే తీసేశారు గానీ, లోయర్ బెర్త్ కోటా ఉంది. మగవాళ్ళకి 60, ఆడవాళ్ళకి 45 నిండితే చాలు. అయితే ఒక టికెట్ మీద అలాంటివాళ్ళు ఒక్కరో ఇద్దరో మాత్రమే ఉండాలి. మూడో మనిషిని కలిపితే ఆ కోటా వర్తించదు. నాకు 47. అందుకని అత్తయ్యగారికీ నాకూ ఒక టికెట్, మా ఆయనకి విడిగా ఇంకొకటి తీశాను. మాకు ఎదురెదురుగా రెండు కింది బెర్తులు. ఆయనకి సైడ్ అప్పర్. కాళ్ళు ముడుచుకుని పడుకున్నారు, ఒక్క మాట అనలేదు.

ఆమదాలవలసలో దిగి, ఆటోలో శ్రీకాకుళం కాంప్లెక్సుకెళ్ళి, పాతపట్నం ఆర్టీసీ బస్సెక్కాం. ఆడవాళ్ళకి ఉచితం కదా అని ఆధార్ తీస్తే, కండక్టర్ ఒడిశా అడ్రస్ చూసి టికెట్ కొట్టాడు. ఆంధ్రావాళ్ళకేనట. పక్క సీటావిడది మెళియాపుట్టి, మాకు చుట్టరికం కూడా తేలింది. ఆవిడకి సున్నా టికెట్, మాకు పూర్తి చార్జి. అతని తప్పేం లేదు, రూలే అది. పాతపట్నం నుంచి ఇంటికి ఆటో మనిషికి 20.

కూపన్ గడువు ఎల్లుండితో అయిపోతుందట. రాత్రి అన్నం తింటుంటే మా ఆయన గుర్తు చేశారు. అత్తయ్యగారు ముద్ద ఆపి ఆయన వంక చూశారు.