స్మిత్ అండ్ వెసన్ మిలిటరీ అండ్ పోలీసా, కోల్ట్ అఫీషియల్ పోలీసా: పాత రివాల్వర్ కొనేవాళ్లకి ఏది మేలు?

డాలస్ చుట్టుపక్కల మనవాళ్లలో గ్రీన్ కార్డ్ వచ్చినవాళ్లు, సిటిజన్లయినవాళ్లు నన్ను పదే పదే అడిగే మాట ఒకటుంది. "అన్నా, ఒక మంచి పాత రివాల్వర్ కొనాలనుంది. స్మిత్ తీసుకోమంటావా, కోల్ట్ తీసుకోమంటావా?" ఒక్కొక్కరికీ ఫోన్లో అరగంట చెప్పే బదులు ఒకసారి రాసి పెడితే పనైపోతుందనిపించింది. అడిగేవాళ్లంతా రేంజ్‌కి వెళ్లి కాల్చి చూసినవాళ్లే, డబుల్ యాక్షన్ అంటే ఏంటో తెలిసినవాళ్లే. కాబట్టి ఓనమాల జోలికి పోను.

పోటీ ఏ రెండింటి మధ్యో ముందు తేల్చుకుందాం. ఇక్కడి గన్ షోలలో ఎక్కువగా కనిపించే పాత .38లు (.38 క్యాలిబర్, అంటే ఆ కొలత తూటా కాల్చేవి) రెండు. ఒకటి స్మిత్ అండ్ వెసన్ వాళ్ల మిలిటరీ అండ్ పోలీస్. 1899లో మొదలైంది. 1957లో కంపెనీ మోడళ్లకు నంబర్లు పెట్టినప్పుడు ఇదే మోడల్ 10 అయింది. రెండోది కోల్ట్ అఫీషియల్ పోలీస్. 1908 నాటి ఆర్మీ స్పెషల్‌కే 1927లో ఈ పేరు పెట్టి 1969 దాకా అమ్మారు. రెండూ ఆరు తూటాలవే, ఎక్కువగా .38 స్పెషల్‌లోనే దొరుకుతాయి, రెండూ అమెరికా పోలీసుల నడుముకి దశాబ్దాల పాటు వేలాడినవే.

"మరి పైథాన్ సంగతి?" అని కొందరు అడుగుతారు. 1955లో వచ్చిన కోల్ట్ వాళ్ల పాత పైథాన్‌ని కూడా ఈ అఫీషియల్ పోలీస్ ఫ్రేమ్ మీదే కట్టారు. పాలిష్, బ్యారెల్, చేతిపనితనం వేరు కానీ లోపలి మెకానిజం అదే కుటుంబం. ధర మాత్రం కొన్ని రెట్లు. కింద కోల్ట్ గురించి చెప్పేదంతా దానికీ వర్తిస్తుంది, కాకపోతే తప్పు కొంటే పోయే డబ్బు ఇంకా ఎక్కువ.

చట్టం గురించి రెండు ముక్కలు. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకి తుపాకీ కొనడం, దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం కుదరదు. హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపులున్నాయి కానీ, ఒక పాత తుపాకీ కోసం ఇమిగ్రేషన్ ఫైలుతో ఆడుకోకండి, గ్రీన్ కార్డ్ వచ్చేదాకా ఆగండి. "పాతది కదా, యాంటీక్ కింద వస్తుందేమో" అనే ఆశ కూడా వద్దు. యాంటీక్ లెక్క 1898తో ఆగిపోయింది. మిలిటరీ అండ్ పోలీస్ పుట్టిందే ఆ మరుసటి ఏడాది. ఇక ఇండియాకి తీసుకెళ్లి నాన్నగారికి చూపిద్దామనే సరదా ఉంటే ఫొటో పంపండి. అక్కడ .38 ప్రొహిబిటెడ్ బోర్, అంటే మామూలు జనానికి నిషేధించిన కొలత.

ఇప్పుడు అసలు విషయం. చాలామంది మెరుపు చూసి కొంటారు. నా లెక్కలో ఈ రెండింటి మధ్య తేడా తేల్చేది టైమింగ్. అంటే హామర్ (తూటాని పేల్చే సుత్తి) వెనక్కి వచ్చేలోపు సిలిండర్ (తూటాలుండే ఆరు గదుల చక్రం) తిరిగి, తూటా గది సరిగ్గా బ్యారెల్ ఎదురుగా వచ్చి, లాక్ అవ్వాలి. అది ఆలస్యమైతే గుండు బ్యారెల్ అంచుని గీరుకుంటూ వెళ్తుంది, సీసం ముక్కలు పక్కకి చిమ్ముతాయి.

కోల్ట్‌లో ఈ పని అందంగా జరుగుతుంది. ట్రిగ్గర్ పూర్తిగా నొక్కిపట్టినప్పుడు కింద నుంచి బోల్ట్ సిలిండర్ గాడిలో కూర్చుంటుంది, వెనక నుంచి హ్యాండ్ అనే చిన్న ఉక్కు ముక్క సిలిండర్‌ని ఇంకా నెట్టిపట్టే ఉంచుతుంది. రెండు వైపుల నుంచీ పట్టు. అందుకే మంచి కండిషన్లో ఉన్న కోల్ట్ సిలిండర్ ఆ క్షణంలో వెంట్రుకవాసి కూడా కదలదు. గురి బాగుంటుందని పాతకాలం షూటర్లు కోల్ట్‌ని మెచ్చుకున్నది దీనికే. చిక్కు కూడా ఇక్కడే ఉంది. కాల్చిన ప్రతిసారీ ఆ దెబ్బ హ్యాండ్ మీద కూడా పడుతుంది. అది అరుగుతుంది. అరిగితే టైమింగ్ వెనకబడుతుంది. దాన్ని చేత్తో సరిచేయగల గన్‌స్మిత్‌లు ఒకప్పుడు ప్రతి ఊళ్లో ఉండేవాళ్లు. ఇప్పుడు పాత కోల్ట్ లోపల చెయ్యి పెట్టమంటే చాలామంది "మా వల్ల కాదు" అంటారు. తెలిసినవాళ్ల దగ్గర నెలల తరబడి క్యూ.

స్మిత్‌లో పద్ధతి వేరు. సిలిండర్‌ని పట్టి ఉంచేది ప్రధానంగా కిందున్న స్టాప్ ఒక్కటే. కాబట్టి ట్రిగ్గర్ నొక్కిపట్టినా సిలిండర్ కాస్త ఆడుతుంది. అది లోపం కాదు, దాని తీరే అంత. కోల్ట్‌లు చూసి అలవాటైనవాళ్లు ఈ చిన్న కదలికకి భయపడి చక్కటి స్మిత్‌ని వదిలేసుకోవడం నేను చూశాను. స్మిత్‌లోనూ టైమింగ్ పోతుంది కానీ, దాన్ని బాగు చేయించడం పెద్ద టెన్షన్ కాదు. ఈ ఫ్రేమ్ మీద లక్షలకు లక్షలు తయారయ్యాయి, విడిభాగాలు దొరుకుతాయి, మన పాత చేతక్ స్కూటర్ లాగా ఎక్కడ ఆగినా చెయ్యి వేసే మెకానిక్ ఉంటాడు.

షోలో టేబుల్ మీద ఉన్న తుపాకీ యాక్షన్‌ని ప్లాస్టిక్ జిప్ టైతో కట్టేసి ఉంటారు. చాలామంది దాన్ని అలాగే చేతిలో తిప్పి చూసి, బేరమాడి కొనేస్తారు. అలా కొంటే ఫొటో చూసి పెళ్లి చేసుకున్నట్టే. టై తీయమని అడగండి. తీయనన్నాడంటే నవ్వి పక్క టేబుల్‌కి వెళ్లండి. తీశాక అతని ఎదురుగానే సిలిండర్ తెరిచి ఆరు గదులూ కంటితో చూసి, వేలితో తడిమి, ఖాళీ అని నిర్ధారించుకోండి. డ్రై ఫైర్ (తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కడం) చేయొచ్చా అని ముందే అడగాలి, అది ఇక్కడ మర్యాద.

తర్వాత హామర్‌ని బొటనవేలితో చాలా నెమ్మదిగా వెనక్కి లాగండి. రెండో చేతి వేలిని సిలిండర్ మీద లేతగా ఆనించి, అది తిరగడానికి కొంచెం అడ్డం పెట్టండి. హామర్ పూర్తిగా వెనక్కి వచ్చి ఆగేలోపే సిలిండర్ 'టక్' మని లాక్ అయితే బాగున్నట్టు. హామర్ ఆగిపోయాక కూడా సిలిండర్ ఇంకొంచెం నెడితేనే లాక్ అయిందంటే టైమింగ్ పోయింది. ఒక గదితో తృప్తి పడొద్దు, ఆరింటికీ చూడాలి. ఐదు బాగుండి ఆరోది పోవడం మామూలే. చివరగా హామర్ వెనక్కి పెట్టి ఉంచి, ట్రిగ్గర్ ముట్టుకోకుండా, బొటనవేలితో హామర్‌ని ముందుకి గట్టిగా తోయండి. జారి పడిందంటే లోపల ఎవడో ఆకురాయి పెట్టాడని అర్థం. అలాంటిది ఉచితంగా ఇచ్చినా వద్దు.

కోల్ట్ ఈ పరీక్షలన్నీ పాసైతే? అప్పుడు కోల్ట్ కొనండి, నేనెందుకు కాదంటాను. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నాటి అఫీషియల్ పోలీస్ నీలం పాలిష్ ఎండలో పట్టుకుని చూస్తే స్మిత్ పక్కన పెట్టాలనిపిస్తుంది, నిజం. కానీ పాసయ్యేవి తక్కువ. అందుకే "ఒక్కటే కొంటాను, నెలకోసారి కాలుస్తాను" అనేవాళ్లకి నా ఓటు స్మిత్‌కే. అందులోనూ 1948 తర్వాత సీరియల్ నంబర్ ముందు 'సి' అక్షరంతో వచ్చినవి, ఐదు స్క్రూలవి. ఐదు అంటే సైడ్ ప్లేట్‌కి నాలుగు, ట్రిగ్గర్ గార్డ్ ముందు ఒకటి. పై స్క్రూ 1955 ప్రాంతంలో, గార్డ్ ముందు స్క్రూ 1961 ప్రాంతంలో తీసేశారు కాబట్టి, స్క్రూలు లెక్కపెడితే వయసు ఉజ్జాయింపుగా తెలిసిపోతుంది.

విలువ దగ్గరికొస్తే సూత్రం ఒక్కటే: పూత అరిగినా పర్వాలేదు, మళ్లీ వేయించింది వద్దు. హోల్‌స్టర్‌లో రుద్దుకుని బ్యారెల్ కొసన నీలం పోయి తెల్లబడిన తుపాకీకి, నిన్న బ్లూయింగ్ (నీలం పూత) చేయించి తళతళలాడే తుపాకీ కన్నా ఎక్కువ ధర రావాలి. కొత్తగా అమెరికా వచ్చినవాళ్లకి ఇది తలకిందులుగా అనిపిస్తుంది. మళ్లీ పాలిష్ పట్టిందని కనిపెట్టడం కష్టమేమీ కాదు. బ్యారెల్ మీద అక్షరాల అంచులు కరిగినట్టుంటాయి. స్క్రూ రంధ్రాల చుట్టూ లోహం సాసర్‌లా కిందికి జారుతుంది. స్మిత్‌లో అయితే ముందు హామర్, ట్రిగ్గర్ చూడండి. కంపెనీ నుంచి అవి గోధుమ, బూడిద, నీలం కలగలిసి మచ్చలు మచ్చలుగా వస్తాయి. అవి కూడా మిగతా ఒంటితో పాటు నల్లగా ఉన్నాయంటే ఎవరో పూత తొట్టిలో మొత్తంగా ముంచారన్నమాట.

నంబర్లు కలవాలి. పాత స్మిత్‌లో అసలు సీరియల్ నంబర్ పిడి అడుగున ఉంటుంది. అదే నంబర్ బ్యారెల్ కింద, సిలిండర్ వెనక, కుడి గ్రిప్ చెక్క లోపలి వైపు ఉందో లేదో చూడండి. సిలిండర్ తెరిస్తే ఫ్రేమ్ మీద కనిపించేది ఫ్యాక్టరీ అసెంబ్లీ నంబర్. చాలామంది అమ్మకందార్లు దాన్నే సీరియల్ అనుకుని కాగితం మీద రాసేస్తారు. కోల్ట్‌లో మాత్రం సీరియల్ చూడాల్సింది సిలిండర్ తెరిచాక కనిపించే ఆ చోటే.

మిలిటరీ అండ్ పోలీస్‌లోనే ఒక ఉచ్చు ఉంది, యుద్ధకాలపు విక్టరీ మోడల్. నంబర్ ముందు 'వి' ఉంటుంది, పిడి కింద తాడు కట్టుకునే రింగు ఉంటుంది. బ్రిటన్‌కి పంపినవి .38 స్పెషల్‌కి కాదు, పొట్టిగా కొంచెం లావుగా ఉండే .38 స్మిత్ అండ్ వెసన్ తూటాకి చేశారు. యుద్ధం అయ్యాక అవి తిరిగొచ్చాయి. బ్యారెల్ కోసి, గదులు తొలిచి, స్పెషల్ తూటా పట్టేలా చేసి చవగ్గా అమ్మేశారు. తొలిచినా గది లావు తగ్గదు కదా, అందులో స్పెషల్ కాలిస్తే తూటా ఇత్తడి తొడుగు ఉబ్బుతుంది, ఒక్కోసారి చీలుతుంది. మన డాలస్‌లోనే 1963 నవంబర్ 22న పోలీసు అధికారి టిప్పిట్‌ని అధ్యక్షుడు కెనడీ హంతకుడిగా చెప్పే ఓస్వాల్డ్ కాల్చింది సరిగ్గా ఇలాంటి కోసిన విక్టరీతోనే, పోస్టులో 29.95 డాలర్లకి తెప్పించుకున్నది. ఇప్పటికీ షోలలో ఈ రకం కనిపిస్తుంది. కోయని, తొలవని విక్టరీ దొరికితే మంచి కలెక్షన్ వస్తువే. అందులో 'ఎస్‌వి' అని మొదలయ్యేవి ఇంకా మేలు. 1944 చివర్లో నేవీలో ఒక రివాల్వర్ కింద పడి పేలి నావికుడు చనిపోయాక కొత్త హామర్ బ్లాక్ పెట్టినవి అవి.

టిప్పిట్ హత్య జరిగిన రెండు రోజులకి ఓస్వాల్డ్‌ని డాలస్ నైట్ క్లబ్ యజమాని జాక్ రూబీ కాల్చింది కోల్ట్ కోబ్రా అనే చిన్న రివాల్వర్ తో. ఆ కోబ్రా 1991లో వేలంలో 2,20,000 డాలర్లు పలికింది. అదే మోడల్, చరిత్ర లేనిది, మామూలు జేబుకి అందే వస్తువు. కాబట్టి "ఇది ఫలానా షెరీఫ్ వాడిందండీ" అనే కథకి కాగితం లేకపోతే డాలర్ కూడా ఎక్కువ పెట్టకండి. స్మిత్ అండ్ వెసన్ హిస్టారికల్ ఫౌండేషన్, కోల్ట్ ఆర్కైవ్ డబ్బు తీసుకుని ఫ్యాక్టరీ లెటర్ ఇస్తాయి, ఏ రోజు ఎవరికి పంపారో అందులో ఉంటుంది. మామూలు తుపాకీకి ఆ ఖర్చు దండగ. పిడి వెనక పోలీసు శాఖ గుర్తులు చెక్కి ఉంటే మాత్రం తెప్పించండి.

ధరల మాటకొస్తే, మంచి కండిషన్లో ఉన్న అసలు పూత మిలిటరీ అండ్ పోలీస్‌కి నేను నాలుగు నుంచి ఆరు వందల డాలర్ల దాకా వెళ్తాను. అదే స్థాయి అఫీషియల్ పోలీస్‌కి ఇంకో వంద, నూటయాభై. పూత మళ్లీ వేయించినదైతే రెండింటికీ మూడోవంతు కొట్టేస్తాను. పాత పెట్టె, కాగితాలు కూడా ఉంటే పెంచుతాను.

మిగతావి క్లుప్తంగా. వెబ్లీ అంటే మనవాళ్లకి మోజు, బ్రిటిష్ కాలం గుర్తొస్తుంది. కానీ ఇక్కడ దొరికే మార్క్ 6లలో చాలావాటికి .45 ఏసీపీ (అమెరికన్ పిస్టల్ తూటా) పట్టేలా సిలిండర్ వెనక చెక్కేశారు, ఆ మామూలు తూటా ఒత్తిడి దానికి ఎక్కువ. గోడకి బాగుంటుంది. రష్యన్ నాగాంత్ ట్రిగ్గర్ నొక్కాలంటే జిమ్‌కి వెళ్లాలి. మధ్యకి విరిచి తెరిచే ఐవర్ జాన్సన్‌లు వగైరా చవకే, కాల్చే ఉద్దేశం ఉంటే వద్దు.

కొన్నాక ఏ తూటా అంటే, మామూలు 158 గ్రెయిన్ సీసం గుండు .38 స్పెషల్ చాలు. మోడల్ నంబర్ లేని పాత స్మిత్‌లో ప్లస్ పీ (ఎక్కువ ఒత్తిడి పుట్టించే తూటా) వేయొద్దు. అమ్మేవాడు పాత తూటాల అట్టపెట్టె కూడా ఇస్తానంటే వద్దనకండి, కాల్చడానికి కాదు. 1950ల నాటి ఆ పెట్టెలు కొనేవాళ్లు వేరే ఉన్నారు.