మండీ బజార్ హలీం, మా చర్చి గ్రూపులో వచ్చిన వీడియో

రంజాన్ నెలలో వరంగల్ మండీ బజార్‌కి వెళ్లి హలీం తినడం మాకు ఎప్పటి నుంచో అలవాటే. ఈసారి మా చర్చి వాట్సాప్ గ్రూపులో "వాళ్ల హోటళ్లలో తినకండి, ఉమ్మేసి పెడతారు" అంటూ ఒక వీడియో తిరిగింది, పంపింది మా సంఘ పెద్దే, ఎక్కడిదండీ అంటే ఆయనకూ తెలీదు. పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం చెప్పొద్దని నిర్గమకాండం 20లో ఉన్నది ఫార్వర్డ్‌లకు వర్తించదా అన్నాను, గ్రూపంతా సైలెంట్. ఆదివారం సాయంత్రం ఆయన్నే బండెక్కించుకుని వెళ్లాను.

భట్టీ రోడ్డు మీదికే ఉంది. గోధుమలు, మటన్, పప్పులు గంటల తరబడి ఉడుకుతుంటే ఇద్దరు కుర్రాళ్లు చెమటలు కక్కుతూ పొడుగాటి కర్ర గుత్తులతో మెదుపుతున్నారు, అందరి కళ్ల ముందే, ఇందులో దాచడానికేముంది! హలీం తీగలా సాగింది, నెయ్యి, వేయించిన ఉల్లిపాయలు, నిమ్మచెక్క అన్నీ కుదిరాయి, ఉప్పే కాస్త ఎక్కువ. ఇఫ్తార్ టైం కదా, అడక్కుండానే మా చేతుల్లో చెరో ఖర్జూరం పెట్టారు. బండి పెట్టడానికి మాత్రం చోటు దొరకదు, దూరంగా ఆపి నడవండి.

పెద్దాయన ఇంటికి పార్సిల్ కూడా కట్టించుకున్నారు. వీడియో ఇంకా డిలీట్ చేయలేదు, రేపు మళ్లీ అడుగుతా.