పదిమందిలో చదవడానికి నవల మేలా, ఆత్మకథ మేలా?

గుణుపురం నుంచి, రాయగడ నుంచి, పర్లాకిమిడి నుంచి ఫోన్లు చేసేవాళ్లందరూ చివరికి అడిగేది ఒక్కటే. "మా వీధిలోనూ ఆదివారం పూట నలుగురం చేరి తెలుగు పుస్తకం చదివి వినిపించుకుందాం అనుకుంటున్నామండీ, నవలతో మొదలెట్టమంటారా, ఆత్మకథతోనా?" బరంపురంలో మా మేడ మీద ఈ పని కొన్నేళ్లుగా సాగుతోంది గనక నన్నడుగుతారు. ఫోనులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. ఈసారి తీరిగ్గా చెప్తాను.

ఒడిశాలో తెలుగువాళ్లున్న మన జిల్లాల సంగతి మీకు తెలిసిందే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఉద్యోగంలో ఇంగ్లీషు. పెద్దవాళ్లలో కొందరికి తెలుగు చదవడం వచ్చు, వాళ్ల పిల్లలకు వినడం, మాట్లాడడం మాత్రమే వచ్చు. కాబట్టి మన దగ్గర పుస్తకమంటే ఒకరు చదువుతారు, మిగతావాళ్లు వింటారు. ఒంటరిగా కుర్చీలో కూర్చుని చదువుకునేవాళ్లకు ఏది మేలో చెప్పడానికి హైదరాబాదులో బోలెడుమంది ఉన్నారు. నేను చెప్పేది వినేవాళ్ల లెక్క.

ఆ లెక్కలో నా మటుకు నాకు అన్నిటికంటే ముఖ్యమైన మనిషి, పోయినవారం రానివాడు.

ప్రతి ఆదివారం ఎవరో ఒకరు రారు. పెళ్లిళ్లుంటాయి, డ్యూటీలుంటాయి, పట్టు మగ్గం మీద చీర సగంలో ఉంటుంది, ఎండాకాలం వచ్చిందంటే అప్పడాల పని ఉంటుంది. మా ఊరి బుఢీ ఠాకురాణి అమ్మవారి యాత్ర వచ్చిన ఏడయితే వారాల తరబడి మేడ మీద మనిషి కనబడడు, నాతో సహా. రానివాడు మళ్లీ వచ్చిన రోజున వాడికి చోటుందా లేదా అన్నదే అసలు ప్రశ్న. నవల ఇక్కడే దెబ్బ తింటుంది. ఓసారి ఒక నవల సగం దాటాక మా మగ్గం మావయ్య చాలా రోజులకు వచ్చి కూర్చున్నాడు. కాసేపు విని, "ఆ తల్లి ఎప్పుడు పోనాదిరా? నాను వొచ్చినప్పుడు బాగానే ఉండీది గదా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడుగాని మరుసటి వారం రాలేదు. జరిగిన కథ ముందుగా చెప్పించి చూశాం. చెప్పేవాడు తనకు నచ్చినట్టు చెప్తాడు, పక్కవాడు అలా కాదంటాడు, ఆ తగవు తీరేసరికి టీ వేళవుతుంది.

ఆత్మకథకు ఈ బాధ లేదు. ఏ అధ్యాయం విప్పినా అదే మనిషి. చిన్నప్పుడు చదువు మానేశాడని వినకపోయినా, పెద్దయ్యాక రైలు తప్పిపోయిన సంగతి అర్థమవుతుంది. కొత్తవాడు ఏ వారమైనా ఎక్కొచ్చు, పాతవాడికి మళ్లీ రావాలనిపిస్తుంది, ఎందుకంటే ఆ "నేను" అనే గొంతు అప్పటికి అలవాటయిపోయి ఉంటుంది.

పోల్చడానికి మా ఊళ్లోనే ఒక జత దొరికింది. డాక్టర్ ఉప్పల లక్ష్మణరావుగారు 1898లో బరంపురంలో పుట్టారు. వృక్షశాస్త్రం చదివినవారు, మాస్కోలో ఉండి రష్యన్ పుస్తకాలను తెలుగులోకి తెచ్చినవారు. ఆయన నవలా రాశారు, 'అతడు-ఆమె'. పెద్దవయసులో ఆత్మకథా రాశారు, 'బతుకు పుస్తకం'. మనిషి ఒకడే, చెయ్యి ఒకటే. రెండూ మేడ మీద పడ్డాయి.

'అతడు-ఆమె' డైరీల నవల. అతని డైరీ కొంత, ఆమె డైరీ కొంత. అతనిది ఒక మాస్టారు, ఆమెది ఎదురింటి కోడలుగారు చదివారు. నవల పదిమందిలో నిలబడాలంటే ఇలాంటిదయి ఉండాలని ఆ రోజుల్లో నేనే అందరికీ చెప్పేవాణ్ని, ఇప్పటికీ చెప్తాను. గొంతు మారగానే జనం సర్దుకుని కూర్చుంటారు. అప్పడాల వ్యాపారం చేసే పిన్నిగారు మామూలుగా పుస్తకం గురించి నోరు విప్పరు, విని లేచి వెళ్లిపోతారు. ఆ నవల నడుస్తుండగా ఓ రోజు, "మగాడు రాసుకున్నది విన్నంతసేపూ అతనంత మంచోడు లేడనిపిస్తాది. పెళ్లాం రాసింది కూడా ఇంటేగాని లెక్క తేలదు" అన్నారు. అక్కడున్న మగవాళ్లం ఎవరం మాట్లాడలేదు. ఇది ఆత్మకథ ఎప్పటికీ ఇవ్వలేని సుఖం. ఆత్మకథలో రెండో డైరీ ఉండదు గదా.

కానీ అది పెద్ద పుస్తకం. నెలలు పట్టింది. మొదట్లో మేడ నిండా ఉన్నవాళ్లు చివరికొచ్చేసరికి ఒక చాప మీద సరిపోయారు. 'బతుకు పుస్తకం' చదివినప్పుడు తిరగబడింది. మొదట్లో తక్కువమంది, పోనుపోను ఎక్కువమంది. మన ఊరివాడు రాశాడట, ఎక్కడెక్కడో తిరిగాడట అని వీధిలో చెప్పుకుని మధ్యలోంచి చేరినవాళ్లే ఎక్కువ. వాళ్లలో ఒక్కరు కూడా "ముందేం జరిగింది" అని అడగలేదు. నేను తేల్చుకున్నది అప్పుడే.

ఆత్మకథకూ రోగాలున్నాయి. పెద్దమనిషి గురించి ఏమంటాం అని జనం నోరు కట్టేసుకుంటారు. నవలలో పాత్రను ఎంత తిట్టినా తప్పు లేదు, పొరుగింటి మీద కోపం కూడా ఆ పాత్ర మీద దించేసుకోవచ్చు. ఆత్మకథ అయితే "గొప్పోడు బాబూ" అని లేచిపోతారు. పైగా రాసేవాళ్లలో చాలామందికి డప్పు జబ్బు ఉంటుంది. సన్మానాల జాబితాలు, మంత్రిగారు భుజం తట్టిన సంగతులు. అలాంటిదొకటి చదువుతుంటే ఇంటరు చదివే కుర్రాడు, "ఈయన జన్మలో ఒక్క తప్పూ చెయ్యలేదేటి?" అన్నాడు. ఆ పుస్తకం అక్కడితో ఆపేశాం. అందుకే కొనేముందు మధ్యలో ఎక్కడో రెండు పేజీలు చదవండి. అప్పు, అవమానం, ఆకలి, తిట్లు తిన్న సంగతి, వీటిలో ఏదీ కనబడకపోతే అక్కడే పెట్టెయ్యండి.

ఈ రోగాలు లేని ఆత్మకథ కావాలంటే మాత్రం ఒడియాలో ఒకటుంది. ఫకీర్ మోహన్ సేనాపతి 'ఆత్మజీవన చరిత'. తెలుగు సభలో ఒడియా ఏమిటని మొదట గునిసినవాళ్లున్నారు. పిల్లలు చదువుతారు, పెద్దలు మధ్యమధ్యలో తెలుగు చేసి చెప్తారు, ఇద్దరికీ పని దొరుకుతుంది. ఆయన అసలు పేరు వ్రజమోహన్. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే నాయనమ్మ పెంచింది. పిల్లాడు జబ్బుపడితే ఆవిడ ముస్లిం పీర్లకు మొక్కుకుంది, బతికితే ఫకీరును చేస్తానని. బతికాడు. పేరు మార్చింది, ఏటా మొహర్రానికి ఫకీరు వేషం కట్టించి పంపేది. ఇది చదివిన రోజున ప్రతి ముసలమ్మా తన మొక్కు చెప్పింది. ఫలానా మనవడి పుట్టువెంట్రుకలు, ఫలానా అమ్మవారికి చీర. పుస్తకం మూసేసినా ఎవరూ లేవలేదు. 1866 కరువు గురించి ఆయన రాసింది విన్నప్పుడయితే, ఆ కరువు మన గంజాంలోనూ పడిందని తాతలు చెప్పుకున్న మాటలు బయటికొచ్చాయి.

ఆయనదే నవల 'ఛమాణ ఆఠగుంఠ'. గొప్ప నవల, అనుమానం లేదు. వడ్డీల మంగరాజు, నేతపని చేసుకునే మొగుడూపెళ్లాలు భగియా-సారియాల ఆరెకరాల ఎనిమిది గుంటల చేను, నేత అనే ఆవు. బడిలో మార్కుల కోసం చదివిన ఒక అమ్మాయి, "పరీక్షకు చదివినప్పుడు ఇది నవ్వొచ్చే పుస్తకమని ఎవరూ చెప్పలేదు" అంది. నిజమే, కథ చెప్పేవాడి కొంటెతనమే ఆ నవలకు ప్రాణం. పొగుడుతున్నట్టు పొగుడుతూ మంగరాజు బట్టలూడదీస్తాడు. ఒక్కో వాక్యానికి ఆగి తెలుగులో చెప్పడం మొదలెట్టేసరికి ఆ కొంటెతనం కాస్తా ఆవిరైపోయింది, దుర్మార్గుడి కథ మాత్రం మిగిలింది. ఒడియా బాగా వచ్చినవాళ్లు దాన్ని ఇంటికి పట్టుకెళ్లి సొంతంగా చదువుకోవడమే న్యాయం.

"నీ లెక్కన అయితే కథలే గెలవాలి గదా, ఒక్క పూటలో అయిపోతాయి" అని పర్లాకిమిడి నుంచి ఒకాయన పట్టుకున్నారు. మంచి ప్రశ్నే. కారా మాస్టారి (కాళీపట్నం రామారావుగారి) 'యజ్ఞం' చదివిన సాయంత్రం మా మేడ మీద జరిగినంత రభస మరే పుస్తకానికీ జరగలేదు. 1964 నాటి కథ, శ్రీకాకుళం యాస, మన చుట్టాలు మాట్లాడుతున్నట్టే ఉంటుంది. అప్పల్రాముడి అప్పు పంచాయితీ నడుస్తున్నంతసేపూ కిరాణా కొట్టాయన "తీసుకున్నోడు తీర్చాల, అందులో తగవేటి" అంటూనే ఉన్నాడు. చివర్లో అప్పల్రాముడి కొడుకు సీతారాముడు చేసిన పని విన్నాక ఆయన మాట్లాడలేదు గాని, మెట్లు దిగుతూ "అయినా లెక్క లెక్కే" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఇంకో ఇద్దరు వీధిలో నిలబడి అరగంట వాదించుకున్నారు. మరుసటి వారం ఎంతమంది వచ్చారు? మామూలుగానే. కథ ఆ పూటకు నిప్పు, వచ్చేవారానికి పిలుపు ఉండదు. అందుకని ఆత్మకథ నడుస్తుండగా మధ్యలో నెలకొకటి కథ వేస్తాం. కథలు కావాలంటే కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయం ఉండనే ఉంది, ఆమదాలవలసలో రైలు దిగితే దగ్గరే.

నాటకం అడిగినవాళ్లకు 'కన్యాశుల్కం' ఒక్కటే చెప్తాను. 1909 కూర్పు పెద్దది, అంతా చదవాలనుకోవద్దు. గిరీశం, వెంకటేశం మాట్లాడుకునే చోట్లు చాలు. ఇంగ్లీషు మీడియం పిల్లలు గిరీశాన్ని పట్టుకున్నంత బాగా పెద్దలు పట్టుకోలేరు.

చరిత్ర పుస్తకాలు వద్దు. చెడ్డవని కాదు, ఇక్కడ పనికిరావు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం వచ్చింది, బరంపురం, పర్లాకిమిడి ఇటొచ్చాయి. ఆ పేజీ రాగానే పుస్తకం మూతపడుతుంది, సభ మొదలవుతుంది. పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి ఒరిస్సా రాష్ట్రం కోసం పట్టుబట్టి ఊరిని ఇటు కలపడం ఒప్పని సగం మంది, ఇన్నేళ్లు పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి, సవర భాషకు నిఘంటువు కట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోవలసి రావడం ఏం న్యాయమని మిగతా సగం. రెండు పక్షాలకూ తాతలున్నారు, తాతలకు జ్ఞాపకాలున్నాయి. నాకూ ఉన్నాయి, అందుకే చదవనివ్వను.

వి.వి.గిరిగారు బరంపురంలోనే పుట్టారు గదా, ఆయన ఆత్మకథ చదవరేం అని అడుగుతుంటారు. అది ఇంగ్లీషులో ఉంది, వినడానికి బరువు. శ్రీశ్రీ 'అనంతం' ఆత్మకథా నవలా అని అడిగితే ఆయనే ఆత్మచరిత్రాత్మక నవల అనేశాడు, ఇక మన తగవెందుకు, కాకపోతే పిన్నిగార్లు ఉన్న సభలో కొన్ని పేజీలు దాటెయ్యాలి. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు ఎవరైనా తెస్తే పుచ్చుకుంటాం, చదవం.

గుణుపురం వాళ్లకు నా మాట, ఆత్మకథతో మొదలెట్టండి. నవల మీద మనసు పడితే ఇద్దరు చదవగలిగేది చూసుకోండి, చిన్నది చూసుకోండి, సంక్రాంతి సెలవుల్లో వరసగా నాలుగు రోజుల్లో ముగించేలా పెట్టుకోండి. ఆత్మకథ చదివే మనిషిని మాత్రం జాగ్రత్తగా ఎంచుకోండి. రేడియో గొంతు అక్కర్లేదు. రాసినాయన వయసుకు దగ్గరగా ఉన్నవాళ్లయితే "నేను" అన్నప్పుడు నమ్మబుద్ధేస్తుంది. మా దగ్గర రిటైరైన రైల్వే ఆయన చదువుతారు. మధ్యలో ఆగి తన సంగతులు కలిపేస్తుంటారు. ఏది పుస్తకంలోదో, ఏది ఆయనదో తేల్చుకోవడానికి పక్కన ఇంకొకర్ని కూర్చోబెట్టుకోండి.