తలుపులు మూయాలా, పేరు దాస్తే చాలా?

అత్యాచారం కేసుల్లో బాధితురాలి గోప్యతకు మన చట్టంలో రెండు దారులున్నాయి. ఒకటి ఇన్ కెమెరా విచారణ. మాటలో కెమెరా ఉన్నా, అర్థం మూసిన గదిలో అని! సాక్ష్యం చెప్పే అమ్మాయికి టెన్షన్ తగ్గుతుంది. సాక్ష్యం చెప్పే ఆ రోజు మటుకు ఇదే మేలని నా ఉద్దేశం. కానీ కోర్టు అనుమతి లేనిదే విచారణ గురించి పత్రికలు రాయకూడదు కాబట్టి, దర్యాప్తు లోపాలూ ఆ గదిలోనే ఉండిపోవచ్చు.

రెండోది, వార్త రాయనిచ్చి గుర్తింపు మాత్రం దాచడం. పేరు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. చనిపోయినవారికీ ఈ రక్షణ ఉందని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 2019లో శంషాబాద్ ఘటనలో బాధితురాలిని 'దిశ' అనాలని పోలీసులు చెప్పేసరికే అసలు పేరు, ఫొటో ఫోన్లన్నీ తిరిగేశాయి. పేరొక్కటి తీసేసి ఊరు, కాలేజీ, తండ్రి ఉద్యోగం రాస్తే మాత్రం దాచినట్టా?