నెల్లూరులో ‘థాయ్‌లాండ్ టీచర్ జాబ్’ ప్యాకేజీ కొనబోతున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

డిగ్రీ, పీజీ రిజల్ట్స్ వచ్చే టైముకి నెల్లూరు, కావలి, ఒంగోలు బస్టాండ్ల చుట్టూ ఫ్లెక్సీలు లేస్తాయి. ‘విదేశీ ఎడ్యుకేషన్ కంపెనీలో టీచర్ ఉద్యోగం, ఎక్స్‌పీరియన్స్ అక్కర్లేదు’ అని. ఎం.ఏ. ఇంగ్లిష్ అయిపోయాక నెల్లూరులోని ఒక కన్సల్టెన్సీలో అలాంటి ప్యాకేజీకి లక్షా ఎనభై వేలు కట్టి బ్యాంకాక్ వెళ్లాను. వాళ్లు చెప్పిన ఉద్యోగం అక్కడ లేదు. వినియోగదారుల కమిషన్‌లో కేసు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. పద్ధతి మాత్రం దాచకుండా రాస్తున్నా, ఇంకో ఇంట్లో ఈ డబ్బు పోకూడదు.

ముందు రసీదు సంగతి. మా నాయన వడ్లమ్మిన డబ్బు కడితే, ‘ఇంక మీ అమ్మాయి ఫారిన్ మేడమ్ అయిపోయినట్టేన్నా’ అంటూ రసీదు చేతిలో పెట్టారు. అందులో ఉద్యోగం అన్న మాటే లేదు. ‘స్పోకెన్ ఇంగ్లిష్, టీచింగ్ ట్రైనింగ్ ఫీజు’ అని ఉంది. ఇదేందని అడిగితే ‘అది ఆడిటర్ కోసంలే అమ్మా’ అన్నారు. తిరిగొచ్చి డబ్బడిగితే అదే రసీదు చూపించి, ట్రైనింగ్ ఇచ్చాం కదా, ఉద్యోగానికి మేం ఎక్కడ తీసుకున్నాం అంటున్నారు. రసీదు మీద ‘ఫలానా దేశంలో ఫలానా ఉద్యోగం కోసం’ అని రాయకపోతే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

ఆఫీసు గోడకి ఫ్రేములు కట్టిన సర్టిఫికెట్లు ఉంటాయి. బాగా దగ్గరికెళ్లి చదవండి. మేం చూసినవి ఒకటి జీఎస్టీ రిజిస్ట్రేషన్, ఇంకోటి చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్. ఆ రెండూ టీ కొట్టుకైనా ఇస్తారు. మనిషిని విదేశంలో పనికి పంపాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద, విదేశాలకి పనికెళ్లేవాళ్ల రక్షణ చూసే కేంద్ర అధికారి ‘ప్రొటెక్టర్ జనరల్ ఆఫ్ ఎమిగ్రెంట్స్’ దగ్గర రిజిస్టరైన ఏజెంటే అయ్యుండాలి. చదువుకి పంపే కన్సల్టెన్సీ బోర్డు దానికి చాలదు. కేంద్ర విదేశాంగ శాఖ వాళ్ల ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో రిజిస్టరైన ఏజెంట్ల జాబితా ఉంది, ఫోన్లోనే చూసుకోవచ్చు. ఇంకో ముఖ్యమైన విషయం: రిజిస్టరైన ఏజెంటు కూడా సర్వీస్ చార్జీ కింద 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400కి మించి తీసుకోకూడదు. లక్షల్లో అడిగినప్పుడే లేచి వచ్చేయండి.

అసలు దెబ్బ వీసా దగ్గర తగులుతుంది. మమ్మల్ని టూరిస్టులుగా పంపారు. ఇమిగ్రేషన్ కౌంటర్లో టూర్‌కి వచ్చామని చెప్పమన్నారు, చేతిలో ఒక హోటల్ బుకింగ్ పెట్టారు. ‘అక్కడికెళ్లాక కంపెనీ వాళ్లే వీసా మారుస్తారు’ అన్నారు. అక్కడ కంపెనీ అంటే ఒక షాపింగ్ మాల్ పైన ట్యూషన్ సెంటర్. ట్రయల్ పీరియడ్ అని చెప్పి, ఒప్పుకున్న జీతంలో సగం కంటే తక్కువ నగదుగా ఇచ్చేవాళ్లు. అందులోనూ డిపాజిట్ అని కొంత కోసుకునేవాళ్లు. కాంట్రాక్టు మొత్తం థాయ్ భాషలో ఉంది.

ఒకరోజు తనిఖీకి వస్తున్నారని ఫోన్ రాగానే మా మెళ్లో ఐడీ కార్డులు తీయించి, వెనక మెట్ల మీదుగా కిందికి పంపేశారు. బోర్డు మీద నేను రాసిన స్పెల్లింగులు అట్లాగే ఉన్నాయి, పిల్లలు బెంచీల్లోనే కూర్చుని చూస్తున్నారు. ఆ రోజే మా సెంటర్లో పనిచేసే ఫిలిప్పీన్స్ టీచర్ తన నీలం అట్ట వర్క్ పర్మిట్ పుస్తకం తెరిచి చూపించింది. ఏ కంపెనీ, ఎక్కడ పని అన్నీ అందులో రాసున్నాయి. పర్మిట్ లేకుండా పనిచేసి దొరికితే 5,000 నుంచి 50,000 బాత్‌ల దాకా జరిమానా, ఆపైన దేశం నుంచి పంపేయడం. ఆ జరిమానా పడేది పాఠం చెప్పే మన మీద. నెల్లూరులో డబ్బు తీసుకున్నవాడి మీద కాదు.

థాయ్‌లాండ్‌లో మనవాళ్లకి నిజమైన టీచర్ ఉద్యోగాలు లేవని నేననను, ఉన్నాయి. కానీ వాటికి పద్ధతి ఉంది. పనిచ్చే సంస్థ కాగితాలు పంపితే ఇక్కడి నుంచే పని కోసమిచ్చే నాన్-ఇమిగ్రెంట్ బి వీసా తీసుకుని వెళ్తారు, తర్వాత వర్క్ పర్మిట్ వస్తుంది. స్కూల్లో చెప్పాలంటే అక్కడి ఉపాధ్యాయ మండలి లైసెన్సో, తాత్కాలిక అనుమతో ఉండాలి. విమానం ఎక్కే ముందు మీ పేరు మీద ఆ వీసా వచ్చినట్టు కళ్లతో చూసుకోకపోతే ఎక్కొద్దు.

పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వకండి. నాతో వచ్చిన ఒంగోలు అమ్మాయి దగ్గర వీసా పని అని తీసుకుని, ఆమె మానేస్తానన్నాక వెనక్కివ్వడానికి ఏడిపించారు. 1967 పాస్‌పోర్టు చట్టం ప్రకారం అది భారత ప్రభుత్వ ఆస్తి, ఏ కంపెనీకీ దాచుకునే హక్కు లేదు. ఇబ్బందైతే బ్యాంకాక్‌లోని మన ఎంబసీకి వెళ్లండి. ఇదే దారిలో బ్యాంకాక్ దాకా తీసుకెళ్లి అక్కడి నుంచి మయన్మార్‌లోని మ్యావడి సైబర్ మోసాల క్యాంపులకి తోలినవాళ్లూ ఉన్నారు. 2025 మార్చిలో మన వాయుసేన విమానాల్లో వందల మందిని వెనక్కి తేవాల్సి వచ్చింది. ఊరు కాని ఊళ్లో బండెక్కమంటే ఎక్కకండి.

ఇప్పటికే డబ్బు కట్టేసినవాళ్లు వాట్సాప్ మెసేజీలు, వాయిస్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్ అన్నీ భద్రంగా పెట్టుకోండి. వాళ్లే ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ కొడతారు, ముందే స్క్రీన్‌షాట్లు తీయండి. పోలీసులకి రాతపూర్వకంగా ఫిర్యాదివ్వండి, చెన్నైలో గాని హైదరాబాద్‌లో గాని ఉన్న ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసుకి కాపీ పంపండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయాలి. కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఎలా వేయాలో వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే చెప్తారు.

ఒకే చోట మోసపోయినవాళ్లు కమిషన్ అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు వేయొచ్చు. మీ రసీదు మీద కూడా ‘ట్రైనింగ్ ఫీజు’ అనే ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. పాస్‌పోర్టు, ఆధార్ ఫొటోలు పంపొద్దు, రసీదు కాపీ చాలు.